ఎస్తాన్సియాలో ఒక రోజు: బుక్ చేసే ముందు ఏం అడగాలి, వెళ్లాక ఏం చెయ్యాలి

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వెళ్లినవాళ్లు మొదటి మూడు రోజులూ టాంగో, ఫుట్‌బాల్ స్టేడియం, లా బోకాలో రంగురంగుల ఇళ్ల వీధి చూసేసి, నాలుగో రోజు ఏం చెయ్యాలా అని ఫోన్ తీసి వెతుకుతుంటారు. ఆ నాలుగో రోజు సిటీ దాటి పంపాస్ మైదానాల్లోకి వెళ్లండి. అక్కడ తరతరాలుగా పశువుల పెంపకం మీద నడిచిన పెద్ద పెద్ద భూములున్నాయి, ఒక్కోదాన్ని ఎస్తాన్సియా అంటారు. చాలావాటిలో పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా ఒక ఏర్పాటు ఉంటుంది, పేరు 'దియా దె కాంపో', అంటే పల్లెలో ఒక రోజు. గుర్రం ఎక్కుతారు, నిప్పుల మీద కాల్చిన భోజనం తింటారు, పాటలు వింటారు, చెట్టు కింద కాసేపు నడుం వాలుస్తారు. చెప్పుకుంటే ఇంతే. కానీ ఈ రోజు బాగా గడవడం, గడవకపోవడం అక్కడికి వెళ్లాక తేలేది కాదు, డబ్బు కట్టకముందు మీరేం అడిగారన్నదాన్ని బట్టి తేలిపోతుంది.

నేను మొదటిసారి ఏమీ అడగలేదు. హోటల్ దగ్గర ఎక్కించుకుని మళ్లీ అక్కడే దింపుతామన్నారు, సుఖంగా ఉంది కదా అని కట్టేశాను. వెళ్లేసరికి గేటు దగ్గర అప్పటికే నాలుగు బస్సులు ఆగి ఉన్నాయి. పెళ్లి భోజనాల్లాగా బారు బల్లలు, మైకులో నాలుగు భాషల్లో ప్రకటనలు, గుర్రం కోసం క్యూ. ఆ గుర్రమైనా ఒక దొడ్డి చుట్టూ ఒక్క చుట్టు తిప్పి దింపేశారు, మొత్తం పది నిమిషాలు కూడా లేదు. తిండి బాగానే ఉంది, డాన్సులూ బాగానే ఉన్నాయి, కానీ చూసింది పశువుల భూమి కాదు, దాని పేరుతో నడిచే ఫంక్షన్ హాలు. రెండోసారి సొంతంగా వెళ్లాను, ఆ రోజు మొత్తం కలిపి పన్నెండు మందిమి. కింద రాసేదంతా ఆ రెండోసారి దారి.

ఎక్కడికి వెళ్లాలి

సాన్ ఆంతోనియో దె అరేకో. బ్యూనస్ ఎయిర్స్‌కి వాయవ్యంగా 113 కిలోమీటర్లు, 8వ నంబర్ జాతీయ రహదారి మీద. రెతీరో బస్ టెర్మినల్ నుంచి బస్సులున్నాయి, సుమారు రెండు గంటలు పడుతుంది. 1730లో పుట్టిన ఊరు, నగరంలోని హడావుడి ఏమీ ఉండదు, ఇళ్లు ఎత్తు తక్కువ, వీధులు రాళ్లు పరిచినవి, ఇప్పటికీ వెండి పనివాళ్లు, తోలు పనివాళ్లు వీధి వైపు తలుపులు తెరుచుకుని పనిచేసుకుంటూ కనిపిస్తారు. చుట్టుపక్కల ఎల్ ఓంబూ, లా బాంబా, లా పోర్తేన్యా లాంటి పేరున్న ఎస్తాన్సియాలున్నాయి. చిన్నవి, పేరు అంతగా వినపడనివీ ఉన్నాయి. అరేకో నుంచి ఎస్తాన్సియా దాకా మట్టిరోడ్డు, అక్కడికి సిటీ బస్సులు ఉండవు. 'రెమీస్' అని ఫోన్ చేసి పిలిపించుకునే కారు తీసుకోవాలి. ఎస్తాన్సియా వాళ్లనే అడిగితే తెలిసిన డ్రైవర్‌ని పంపిస్తారు, తిరిగి రావడానికి కూడా అప్పుడే టైం మాట్లాడేసుకోండి, సాయంత్రం పొలాల మధ్య నిలబడి కారు కోసం చూడటం సరదా పని కాదు.

వీలైతే ముందురోజు సాయంత్రమే అరేకో చేరి అక్కడ పడుకోండి. పొద్దున్నే రెతీరోలో బస్సు పట్టుకునే టెన్షన్ తప్పుతుంది, పైగా 1857 నాటి పాత వంతెన దాటి గౌచోల మ్యూజియం చూసి రావడానికి టైం దొరుకుతుంది. గౌచో అంటే ఆ మైదానాల పశువుల కాపరి. మన దగ్గర కాపరి అనగానే కర్ర పట్టుకుని నడిచే మనిషి గుర్తొస్తాడు, ఇక్కడ మాత్రం గుర్రం దిగని మనిషి.

పక్కనే ఉరుగ్వే, బ్రెజిల్ దక్షిణ భాగంలోని రియో గ్రాందె దొ సూల్‌లో కూడా ఇదే సంస్కృతి, అవే బట్టలు, గొట్టంతో తాగే అదే మాతే టీ. మీ ప్రయాణం అటుంటే అక్కడైనా చూడొచ్చు. దారీ టైములూ మాత్రం నేను అర్జెంటీనాకే రాస్తున్నాను.

బుక్ చేసే ముందు

వీళ్లతో మాట్లాడాలంటే వాట్సాప్, ఈమెయిల్ కంటే అదే త్వరగా పలుకుతుంది. స్పానిష్ రాకపోతే ట్రాన్స్‌లేటర్ యాప్‌లో రాసి పంపండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఆ రోజు ఎంతమంది వస్తున్నారు, టూర్ బస్సులు ఉన్నాయా అని. మొహమాటపడకండి. ఆదివారాలు బస్సుల గుంపులు ఎక్కువ, పాటలూ డాన్సులూ కూడా వారాంతాల్లోనే నిండుగా ఉంటాయి, కాబట్టి ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. నాకైతే వారం మధ్యలో వెళ్లి డాన్స్ ఒకటి తగ్గినా ఫర్వాలేదు. తర్వాత గుర్రపు స్వారీ ఎంతసేపు, కంచె లోపలేనా లేక పశువులు మేసే మైదానంలోకి తీసుకెళ్తారా అని అడగండి. కొన్నిచోట్ల స్వారీ ధరలోనే ఉంటుంది, కొన్నిచోట్ల వేరే కట్టాలి. వైన్, కూల్‌డ్రింకులు భోజనంతో కలిపి ఇస్తారా, ఈత కొలను వాడుకోవచ్చా, ఇవీ అప్పుడే. ఆ భూమిలో ఇప్పటికీ నిజంగా పశువులు ఉన్నాయా అన్నది చాలామంది అడగనే అడగరు. కొన్ని ఎస్తాన్సియాల్లో గేదెల్లాంటి నల్లటి ఆంగస్ మందలు కళ్లెదురుగా మేస్తుంటాయి, కొన్నిట్లో పాత బంగ్లా, పచ్చిక, నాలుగు గుర్రాలు తప్ప ఏమీ మిగల్లేదు.

ధర గురించి ఒక మాట. పాత ట్రావెల్ పోస్టుల్లో కనిపించే పెసోల (అక్కడి కరెన్సీ) అంకెలు నమ్మకండి. 2023 ఒక్క ఏడాదిలోనే అర్జెంటీనాలో ధరలు 211 శాతం పెరిగాయి, ఆర్నెల్ల కిందటి రేటు కూడా చరిత్రే. అందుకే చాలామంది డాలర్లలో చెప్తారు. డాలర్లయితే నోట్లుగా తీసుకుంటారా, కార్డు నడుస్తుందా, పెసోలయితే ఏ రోజు రేటు, అడ్వాన్స్ ఎంత, ఇవి రాతపూర్వకంగా మెసేజ్‌లోనే ఉంచుకోండి. అడ్వాన్స్‌ని అక్కడ 'సేన్యా' అంటారు.

వానపడితే సంగతేంటని తప్పకుండా అడగాలి. పంపాస్ మట్టి తడిస్తే బంకలా పట్టేస్తుంది, చిన్న కార్లు దిగబడతాయి, స్వారీ ఆపేస్తారు. రోజు మార్చుకోనిస్తారా, డబ్బు తిరిగిస్తారా తేల్చుకుని అప్పుడు సేన్యా కట్టండి.

కాలం అక్కడ మనకి తిరగేసి నడుస్తుందని మర్చిపోకండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండలు, దోమలు. జులైలో చలి, పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. మార్చి నుంచి మే, సెప్టెంబర్ నుంచి నవంబర్ హాయిగా ఉంటుంది. నవంబర్ 10 అర్జెంటీనాలో సంప్రదాయ దినం, గౌచోల మీద కావ్యం రాసిన హొసె ఎర్నాందెస్ పుట్టినరోజు అది. ఆ రోజుల్లో అరేకోలో పెద్ద పండగ, వెండి నగలు తొడిగిన గుర్రాల మీద ఊరేగింపు. చూడాలనుంటే గది నెలల ముందే చూసుకోవాలి, ప్రశాంతంగా ఒక రోజు గడపాలనుంటే ఆ వారం అటు పోకండి.

తిండి గురించి ముందే చెప్పాల్సినవి

ఇది మనవాళ్లకి బాగా అక్కరకొచ్చే భాగం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అర్జెంటీనాలో 'కార్నె' అంటే మాంసం అని డిక్షనరీ చెప్తుంది, జనం నోట్లో మాత్రం దాని అర్థం ఆవు మాంసం. కాబట్టి శాకాహారి అయిన మీరు నేను కార్నె తినను అని చెప్తే, సరేనని నవ్వుతూ కోడిని తెచ్చి పెడతారు. అది వెటకారం కాదు, వాళ్ల లెక్కలో కోడి కార్నె కాదు. శాకాహారులు 'సోయ్ వెహెతారియానో', ఆడవాళ్లయితే 'వెహెతారియానా' అని చెప్పి ఊరుకోకుండా 'నీ పొషో, నీ పెస్కాదో' అని కూడా చేర్చండి, కోడీ వద్దు, చేపా వద్దు అని. మాంసం తింటారు కానీ ఆవుది వద్దంటే 'నో కోమో కార్నె దె వాకా'. అప్పుడు కోడి గానీ పంది గానీ విడిగా కాలుస్తారు. ఇదంతా బుక్ చేసే రోజే చెప్పాలి. వంట పొద్దున్నే మొదలైపోతుంది, మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని చెప్తే సలాడూ బ్రెడ్డే గతి.

కంటికి కనపడని సంగతులూ ఉన్నాయి. దిగగానే చేతిలో పెట్టే ఎంపనాదా మన కజ్జికాయలాగే ఉంటుంది, అంచు మడత కూడా అలాగే. ఆ మడత తీరును బట్టే లోపల ఏముందో గుర్తుపడతారు, కానీ ఒక్కో ఇంట్లో ఒక్కో గుర్తు, కాబట్టి నోరు తెరిచి అడగడమే మేలు. 'ఊమితా' అంటే మొక్కజొన్నది, 'హమోన్ ఇ కేసో' అంటే పంది మాంసం, చీజ్. ఊమితా అయినా సరే పిండిలో పశువుల కొవ్వు కలిపి ఉండొచ్చు. సాయంత్రం ఇచ్చే తోర్తా ఫ్రీతా, అంటే పూరీ లాంటి రొట్టె, దాన్ని కూడా పాత పద్ధతిలో ఆ కొవ్వులోనే వేయిస్తారు. 'తియెనె గ్రాసా?' అని ఒక్క ముక్క అడిగితే తెలిసిపోతుంది. చొరీసో అనే సాసేజ్‌లో పందితో పాటు ఆవు మాంసం కలపడం మామూలే. శాకాహారులకి కడుపు నింపేవి లేకపోలేదు. నిప్పుల మీద కరిగించిన ప్రొవొలేతా అనే చీజ్ ముక్క, గుడ్డు కొట్టి కాల్చిన క్యాప్సికం, బూడిదలో మగ్గిన బంగాళాదుంపలు, చివర్లో దుల్సె దె లేచె. ఆ దుల్సె అచ్చం మన పాలకోవా పలచబడినట్టుంటుంది.

ఇక అన్నీ తినేవాళ్లకి నా సలహా ఒక్కటే, ఎంపనాదాలు రెండు దాటకండి. ఆకలితో వస్తారు, వేడివేడిగా ఉంటాయి, వైన్ కూడా పోస్తారు, నాలుగు లాగించేస్తారు, అసలు భోజనం వచ్చేసరికి కడుపులో చోటుండదు. అసాదో, అంటే ఈ నిప్పుల మీద కాల్చిన మాంసాల విందు, ఒకేసారి వడ్డించే భోజనం కాదు. మొదట చొరీసో, మోర్సీషా అనే నెత్తురు సాసేజ్, తర్వాత పేగులు, మొషేహా అనే గ్రంథి మాంసం, ఆ తర్వాతే పక్కటెముకలూ వాసియో లాంటి పెద్ద ముక్కలూ వస్తాయి. 'పర్రీషా' అంటే ఇనప చువ్వల పొయ్యి. రెండు 'ఎల్' అక్షరాలని బ్యూనస్ ఎయిర్స్ వైపు 'ష' అని పలుకుతారు, ఇది పట్టుకుంటే సగం మెనూ చదివేసినట్టే.

మీరు వెళ్లగానే చెయ్యాల్సిన పని, నలుగురూ గుర్రాల వైపు పోతుంటే మీరు ఒకసారి పొయ్యి దగ్గరికి పోయి చూడటం. కట్టెలు ఒక పక్కన మండుతుంటాయి, నిప్పులు మాత్రమే పారతో తీసి చువ్వల కింద పరుస్తారు, మంట మాంసాన్ని తాకకూడదు. పక్కటెముకల పట్టీని శిలువ ఆకారపు ఇనప కడ్డీకి కట్టి మంటకి ఎదురుగా వాల్చి గంటల తరబడి ఉంచుతారు. మసాలా ఏమీ ఉండదు, రాళ్లుప్పు, అంతే. మన నాలుకకి మొదట చప్పగా అనిపిస్తుంది, చిమిచుర్రి అడిగి పక్కన పెట్టుకోండి, అది వెల్లుల్లి, పార్స్లీ, ఒరెగానో, వెనిగర్ కలిపిన పచ్చడి, కారం పెద్దగా ఉండదు. బాగా ఉడికింది కావాలంటే 'బియెన్ కోసిదో' అనండి, ఊరుకుంటే కాస్త రసం కారేదే వస్తుంది. భోజనం మధ్యలో ఎవరో ఒకరు 'ఉన్ అప్లౌసో పారా ఎల్ అసదోర్' అని అరుస్తారు, అందరూ వంటాయనకి చప్పట్లు కొడతారు. మీరూ కొట్టండి, పొద్దున్నుంచీ పొగలో నిలబడ్డాడు పాపం.

గుర్రం

ఇంతకుముందు ఎప్పుడూ ఎక్కకపోయినా భయం అక్కర్లేదు. ఇక్కడి క్రియోషో జాతి గుర్రాలు పొట్టిగా, గట్టిగా, నెమ్మదిగా ఉంటాయి. 1925లో మాంచా, గాతో అనే రెండు క్రియోషో గుర్రాలతో ఒక స్కూలు మాస్టారు బ్యూనస్ ఎయిర్స్‌లో బయల్దేరి 1928లో న్యూయార్క్ చేరాడు. ఆ రెండు గుర్రాల కళేబరాలనీ లుహాన్ పట్టణం మ్యూజియంలో ఇప్పటికీ నిలబెట్టి ఉంచారు. మిమ్మల్ని గంటసేపు మోయడం వాటి వారసులకి ఒక లెక్కా.

జీను కూడా మనం సినిమాల్లో చూసే తోలు జీను కాదు, దీన్ని 'రెకాదో' అంటారు, పొరలు పొరలుగా వేసి పైన గొర్రెతోలు పరుస్తారు, పరుపు మీద కూర్చున్నట్టే ఉంటుంది. పగ్గాలు రెండూ ఒకే చేత్తో పట్టుకోవాలి, ఎడమ చెయ్యి. ఏ వైపు తిరగాలంటే ఆ వైపుకి చెయ్యి జరపండి, పగ్గం మెడకి తగలగానే అదే తిరుగుతుంది. ఆపాలంటే వెనక్కి కూర్చుని నెమ్మదిగా లాగండి, గుంజొద్దు. మోకాళ్లతో గట్టిగా నొక్కిపట్టుకోవద్దు, గుర్రం దాన్ని పరిగెత్తమని అర్థం చేసుకోవచ్చు. వెనకనుంచి దాని దగ్గరికి పోవద్దు. కొత్తవాళ్లమని ఉన్నదున్నట్టు చెప్పండి, బరువు ఎక్కువైతే అదీ ముందే చెప్పండి, చాలాచోట్ల బరువు పరిమితి ఉంటుంది. హెల్మెట్ అక్కడివాళ్లు పెట్టుకోరు, అడగందే మీకూ ఇవ్వకపోవచ్చు, 'కాస్కో' అని అడగండి, పిల్లలుంటే బుకింగ్ అప్పుడే అడగండి. జీన్స్, కాస్త మడమ ఉన్న మూసిన బూట్లు, టోపీ, దోమల మందు. షార్ట్స్‌తో వెళ్తే తొడలు ఒరుసుకుపోయి మరునాడు నడవలేరు, ఇది నా మొదటిసారి గుణపాఠం, పది నిమిషాల స్వారీకే.

మైదానంలో పోతున్నప్పుడు ఆ తీగ కంచెల్ని ఊరికే దాటేయకండి. స్పెయిన్ వాళ్లు తెచ్చిన గుర్రాలూ పశువులూ తప్పించుకుని ఈ గడ్డిలో అడవి మందలైపోయాయి. గౌచోలు వాటిని వెంటాడి తోలు, కొవ్వు తీసుకుని మాంసాన్ని అక్కడే వదిలేసేవాళ్లు, తినేవాడు లేక. 1845 నుంచి తీగ కంచెలు రావడం మొదలైంది. కంచె వచ్చాక భూమికి యజమాని వచ్చాడు, స్వేచ్ఛగా తిరిగిన గౌచో ఆ యజమాని దగ్గర జీతగాడయ్యాడు. 1876లో చల్లబరిచే యంత్రాలున్న ఓడ ఫ్రాన్స్ నుంచి బ్యూనస్ ఎయిర్స్ వచ్చింది. ఆ తర్వాత మాంసం యూరప్ దాకా చెడకుండా పోవడం మొదలయ్యేసరికి పంపాస్‌లో డబ్బు వరదలా వచ్చింది. మీరు భోజనం చేసే బంగ్లా ఫ్రెంచి రాజభవనంలా ఎందుకుందీ అంటే కారణం అదే. గౌచో పాటలు వింటుంటే హుషారు మధ్యలో ఒక దిగులు వినిపిస్తుంది, ఎందుకో కంచె చూశాక నాకు అర్థమైంది.

భోజనం తర్వాత

డాన్సులు, పాదాలతో నేలని దరువులా కొట్టే మలాంబో. తర్వాత సోర్తీహా ఆట వేస్తే మాత్రం కునుకు ఆపుకుని చూడండి. రెండు స్తంభాల మీద అడ్డకర్ర, దానికి వేలి ఉంగరమంత రింగు వేలాడుతుంది. గౌచో రికాబుల మీద లేచి నిలబడి, గుర్రాన్ని పూర్తి వేగంతో దౌడు తీయించి, చేతిలోని చిన్న పుల్లతో ఆ రింగుని తగిలించుకుపోవాలి. తగిలించుకున్నవాడు దాన్ని తెచ్చి ప్రేక్షకుల్లో ఒక ఆడమనిషికి ఇవ్వడం ఆనవాయితీ. ఫొటో కావాలంటే అడ్డకర్రకి కాస్త ముందు పక్కగా నిలబడండి, దారికి అడ్డం మాత్రం పోవద్దు.

నీడ కోసం వెతికితే లావాటి వేర్లు పైకి తేలిన ఓంబూ చెట్టు దొరుకుతుంది. చూడ్డానికి మహావృక్షం, లోపల మాత్రం నీళ్లు పట్టిన దూది లాంటి మెత్తటి కాండం, కట్టెలుగా కూడా పనికిరాదు. నీడకి మాత్రం దానికి సాటి లేదు.

సాయంత్రం మాతే వస్తుంది. ఎండిన సొరకాయ బుర్రలాంటి గిన్నె, అందులో యెర్బా ఆకు పొడి, వేడినీళ్లు, బొంబీషా అనే లోహపు గొట్టం. ఒక్కటే గిన్నె, ఒక్కటే గొట్టం, అందరూ వంతులవారీగా. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్లకి ఇక్కడ ఇబ్బంది. వద్దనుకుంటే మొదట్లోనే నవ్వుతూ వద్దనండి, ఎవరూ బాధపడరు. తీసుకున్నాక గొట్టం తుడవడం మాత్రం బాగోదు. పోసేవాడు ఒకడే ఉంటాడు, గిన్నె అతనే అందిస్తాడు, మీరు చప్పుడొచ్చేదాకా మొత్తం తాగి అతనికే తిరిగివ్వాలి. గొట్టాన్ని స్పూనులా తిప్పొద్దు, ఆకు అడ్డంపడి మూసుకుపోతుంది. అన్నిటికంటే చిత్రమైనది, తాగిన ప్రతిసారీ థాంక్స్ చెప్పకూడదు. 'గ్రాసియాస్' అంటే ఇక చాలు అని అర్థం, తర్వాతి చుట్టులో మీకు రాదు. నేను మర్యాదకి మొదటి గుక్కకే అనేసి, మిగతా అరగంటా ఖాళీ చేతులతో కూర్చున్నాను.

వచ్చేముందు మాతే పోసినవాళ్లకీ, గుర్రాలు చూసుకున్నవాళ్లకీ, వంటాయనకీ కొంచెం చేతిలో పెట్టండి, పెసోల నోట్లు విడిగా ఉంచుకుంటే మంచిది. రెతీరోకి తిరుగు టికెట్ అరేకోలో దిగినప్పుడే కొనెయ్యండి, ఆదివారం సాయంత్రం బస్సులు నిండిపోతాయి.

బస్సుకి గంట టైం మిగిలితే అరేకోలో మాతే గిన్నె ఒకటి కొనుక్కోవచ్చు. వెండి పని ఉన్నవి ఖరీదు, మామూలు బుర్ర గిన్నె చాలు. తెచ్చి అలాగే వాడకండి. ఒకసారి వాడిన తడి యెర్బా నింపి ఒక రోజు ఉంచి, స్పూనుతో లోపలి మెత్తటి పొర గీకి, ఇంకోసారి అలాగే చేసి గాలి తగిలేచోట ఆరబెట్టాలి. తడిగా అల్మారాలో పెట్టేస్తే నాలుగు రోజుల్లో బూజు పట్టేస్తుంది, నాది అలాగే పోయింది.